ఉస్తాద్‌ను మారిస్తే ఆట మారుతుందా?

నవంబర్ 18 రాత్రి. ఇషా నమాజ్ చదివి ఇంటికొచ్చేసరికి మా చిన్నోడు ఫోన్ ముందు కూర్చుని ఉన్నాడు. ఢాకాలో ఇండియా, బంగ్లాదేశ్ ఫుట్‌బాల్ మ్యాచ్. 11వ నిమిషంలోనే వాళ్లు గోల్ కొట్టారు. ఆ ఒక్క గోల్ బాకీ తీర్చడానికి మనవాళ్లకు మిగిలిన టైమంతా చాల్లేదు. మ్యాచ్ 1-0తో పోయింది. 22 ఏళ్ల తర్వాత బంగ్లాదేశ్ చేతిలో ఓటమి.

"నికాల్ దేనా అబ్బా ఇస్ కోచ్ కో!" అన్నాడు వాడు. అంటూనే ఫోన్‌లో ఏదో టైపు చేస్తున్నాడు. తీసుకుని చూస్తే గాలీలు. కోచ్‌కు, గోల్‌కీపర్‌కు, వాళ్ల ఇంట్లో వాళ్లకు కూడా. తొమ్మిదో తరగతి పిల్లోడు రాయాల్సిన మాటలు కావవి. చెరిపేయమన్నాను. చెరిపేశాడు గానీ ముఖం మాత్రం మాడ్చుకున్నాడు.

"సరే, నికాల్ కే కిస్ కో లాతే?" అని అడిగాను.

వాడి దగ్గర జవాబు లేదు. నిజం చెప్పాలంటే నా దగ్గరా లేదు. రాత్రి పడుకున్నాక కూడా ఆ సవాల్ తిరుగుతూనే ఉంది. అందుకే ఈ నాలుగు మాటలు.

ముందే ఒప్పుకుంటాను, వాడి గుస్సా జాయజే. 2023 జూలైలో ఫిఫా ర్యాంకింగ్‌లో మన స్థానం 99. 2025 నవంబర్‌లో 142. మధ్యలో ఏం జరిగిందో ఒకసారి వరసగా చూడండి. 2024 జనవరిలో ఖతర్‌లో ఆసియా కప్. మూడు మ్యాచ్‌లు ఆడి మూడూ ఓడాం, ఒక్క గోలూ కొట్టలేదు. మార్చిలో గువాహటిలో, మన గడ్డమీదే, అఫ్గానిస్తాన్ చేతిలో 2-1. జూన్‌లో కోచ్ ఇగోర్ స్టిమాచ్‌ను తీసేశారు. జూలైలో మనోలో మార్కెజ్ వచ్చాడు. 2024 క్యాలెండర్ అయిపోయింది, ఆ ఏడాది మొత్తంలో ఇండియాకు ఒక్క గెలుపు కూడా లేదు. 2025 జూలైలో మార్కెజ్ వెళ్లిపోయాడు. ఆగస్టులో ఖాలిద్ జమీల్ వచ్చాడు. అక్టోబర్ 14న మడ్గావ్‌లో సింగపూర్ మీద ముందు గోల్ కొట్టి కూడా 2-1తో ఓడాం. 2027 ఆసియా కప్ దర్వాజా ఆ రాత్రే మూసుకుంది. ఢాకా దాని మీద ఉప్పు.

పద్నాలుగు నెలల్లో ముగ్గురు కోచ్‌లు. నతీజా ఒక్కటే. ఇంట్లో రోటీ మూడుసార్లు మాడితే తవాను కూడా ఒకసారి చూడాలి కదా? చేసేవాళ్లనే మార్చుకుంటూ పోతే ఎట్లా?

*

మార్కెజ్ గురించి హైదరాబాద్ వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. కానీ ఆయన కథలోనే నా జవాబు సగం ఉంది, అందుకే మళ్లీ చెబుతున్నాను.

2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ పుట్టింది. మొదటి సీజన్‌లో పది జట్లలో పదోది. 2020లో ఆయన వచ్చాడు. వచ్చిన ఏడాదే కప్పు తేలేదు, ఐదో స్థానంతో సరిపెట్టాడు. కాకపోతే చిన్న వయసు ఆటగాళ్లను నమ్మి ఆడించాడు. రెండో ఏడాది, 2022 మార్చి 20న, గోవాలో కేరళ బ్లాస్టర్స్‌తో ఫైనల్. మ్యాచ్ 1-1. పెనాల్టీ షూటౌట్‌లో గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపాడు. 3-1. ఐఎస్‌ఎల్ ట్రోఫీ మనది! కరోనా వల్ల ఆ సీజన్ మ్యాచ్‌లన్నీ గోవాలోనే జరిగాయి, మనకు టీవీయే మైదాన్. మా గల్లీలో ఆ రాత్రి పటాకులు కాలాయి. మూడో ఏడాది లీగ్‌లో రెండో స్థానం.

అదే మార్కెజ్ ఇండియా కోచ్‌గా గచ్చిబౌలికి వచ్చాడు. 2024 సెప్టెంబర్ 9న సిరియాతో మ్యాచ్‌కు చిన్నోడిని తీసుకుని నేనూ వెళ్లాను. 3-0తో ఓడాం. నవంబర్‌లో మలేసియాతో మళ్లీ వెళ్లాం, 1-1. రెండేళ్ల కింద ఆయన పేరు పెట్టి నినాదాలిచ్చిన స్టాండ్లలోనే ఈసారి ఆయన పేరు పెట్టి తిట్టడం నా చెవులారా విన్నాను. మొత్తం ఎనిమిది మ్యాచ్‌లు ఆడించాడు, ఒక్కటి గెలిచాడు, అదీ మాల్దీవ్స్ మీద.

మనిషి అదే. ఇల్మ్ అదే. నగరం కూడా అదే. మరి మారిందేమిటి? క్లబ్‌లో ఆయనకు మూడేళ్లు దొరికాయి, రోజూ పొద్దున్నే షాగిర్దులు ఎదురుగా ఉండేవాళ్లు. దేశం జట్టులో మ్యాచ్‌కు ముందు కొన్ని రోజులు మాత్రమే దొరికాయి. దానికి తోడు ఆ సీజన్ అంతా ఆయన ఎఫ్‌సీ గోవాకు కూడా కోచ్. రెండు కొలువులూ ఒకేసారి. ఇందులో ఆయన కసూర్ లేదనను. ఒప్పుకున్నది ఆయనే. కానీ దేశం జట్టుకు పార్ట్ టైం ఉస్తాద్ చాలు అని ఖాయం చేసింది ఎవరు? ఫెడరేషన్ పెద్దలు. వాళ్ల పేర్లు పెట్టి స్టాండ్లలో ఎవరూ అరవలేదు. వాళ్లు టచ్‌లైన్ దగ్గర నిలబడరు కదా, కనబడరు. కనబడేవాడి మీదే మన గుస్సా పడుతుంది.

*

మా అబ్బా మర్హూమ్ ఫుట్‌బాల్ పిచ్చోడు. జవానీలో ఫతే మైదాన్‌లో మ్యాచ్ ఉందంటే దుకాణం మూసేసి వెళ్లేవాడట. ఆయన నోట నేను వందసార్లు విన్న పేరు రహీమ్ సాబ్. సయ్యద్ అబ్దుల్ రహీమ్. మీలో చాలామంది 2024లో వచ్చిన సినిమాలో చూసి ఉంటారు. సినిమాలో లేని సంగతి ఒకటి అబ్బా ఎప్పుడూ చెప్పేవాడు: "ఓ పహలే ఉస్తాద్ థే బేటా, కోచ్ బాద్ మే." నిజమే. రహీమ్ సాబ్ మన నగరంలో స్కూలు పిల్లలకు పాఠం చెప్పిన టీచర్. 1943 నుంచి హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ సెక్రటరీ. 1950 నుంచి చనిపోయేదాకా హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు కోచ్. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు బొంబాయి వెళ్లి రోవర్స్ కప్ తెచ్చింది.

దేశం జట్టుకు ఆయన తెచ్చినవి మనకు తెలుసు. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో బంగారు పతకం. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. 1962 జకార్తాలో మళ్లీ బంగారం. కానీ మధ్యలో ఇంకో తారీఖు ఉంది, దాన్ని మనం యాద్ చేసుకోం. 1952 హెల్సింకి ఒలింపిక్స్. యుగోస్లావియా చేతిలో 10-1. అవును, పదికి ఒకటి. మనవాళ్లు చాలామంది ఒట్టి కాళ్లతో ఆడారు. కోచ్ రహీమ్ సాబే.

ఇప్పుడు చెప్పండి. ఆ రాత్రి మా చిన్నోడి చేతిలో ఉన్న ఫోన్ ఆనాడు దేశం చేతిలో ఉండి ఉంటే రహీమ్ సాబ్ మిగిలేవాడా? తెల్లారేలోపు ఇంటికి పంపేవాళ్లం. 1956 ఉండేది కాదు. 1962 అసలే ఉండేది కాదు.

ఆనాటి వాళ్లు ఓటమి నుంచి సబక్ తీసుకున్నారు. బూట్లు తప్పనిసరి చేశారు. మధ్యలో కొన్ని టోర్నమెంట్లకు వేరే కోచ్‌లు వెళ్లినా, నాలుగేళ్ల తర్వాత మెల్బోర్న్‌కు జట్టును మళ్లీ రహీమ్ సాబ్ చేతికే ఇచ్చారు. ఆయన ఆ జట్టుతో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించాడు.

జకార్తాలోనూ మొదటి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడిపోయాం. ఫైనల్లో మళ్లీ అదే కొరియా. తలకు కుట్లు పడ్డ డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను రహీమ్ సాబ్ ముందుకు పంపి ఫార్వర్డ్‌గా ఆడించాడు. పీకే బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి. 2-1తో గెలిచాం. అప్పటికే ఆయన ఒంట్లో క్యాన్సర్ ఉంది. తొమ్మిది నెలల తర్వాత, 1963 జూన్ 11న, ఇంతెఖాల్ అయ్యాడు.

ఈ కథ చెప్పి కళ్లు తుడుచుకోవడం మనకు అలవాటే. నేను చెప్పదలచుకున్నది వేరే. రహీమ్ సాబ్ ఫార్వర్డ్ కావాలంటే ఎక్కడికీ వెతుక్కుంటూ పోలేదు, ఈ నగరంలోనే పిల్లల్ని తయారు చేసుకున్నాడు. డ్రిబ్లింగ్ చేయకూడదని షరతు పెట్టి టోర్నమెంట్లు ఆడించేవాడు, పిల్లలకు పాస్ అలవాటు కావాలని. బలహీనమైన కాలితోనే కొట్టాలని షరతు పెట్టి ఇంకో రకం టోర్నమెంట్. మెల్బోర్న్ జట్టులో మన నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికరుద్దీన్, సికింద్రాబాద్ పిల్లోడు తులసీదాస్ బలరామ్ ఉన్నారంటే అది ఇత్తెఫాక్ కాదు. పదేళ్ల వయసులో నేర్చుకోవాల్సింది వాళ్లు పదేళ్ల వయసులోనే నేర్చుకున్నారు. దేశం క్యాంపుకు వచ్చాక మిగిలింది మెరుగు పెట్టడమే.

ఈరోజు కోచ్ పరిస్థితి ఏమిటి? బంతి ఎడమ కాలితో ఆపడం 25 ఏళ్ల ఆటగాడికి వారం రోజుల క్యాంపులో నేర్పాలి. ఎవరి వల్ల అవుతుంది?

*

ఇంకో మాట. ఇది మనకు కాస్త చేదుగా ఉంటుంది.

2022లో మనం కప్పు గెలిచినప్పుడు గోల్స్ ఎవరు కొట్టారు? ఒగ్బెచే. ఆ సీజన్‌లో 18 గోల్స్, లీగ్ మొత్తానికి టాప్. నైజీరియా ఆటగాడు. నేనూ ఆయన అభిమానినే. కానీ ఏ క్లబ్ చూసినా గోల్ ముందు నిలబడే ఆ నడిమి జాగా విదేశీ ఆటగాడిదే. మన పిల్లలు పక్కన రెక్కల మీద ఆడతారు, లేదా బెంచీ మీద కూర్చుంటారు. క్లబ్‌ను తప్పు పట్టలేం, వాళ్లకు శనివారం గెలవాలి. కానీ దేశం జట్టు కట్టే రోజు వచ్చేసరికి స్ట్రైకర్ లేడు. 2025 మార్చిలో రిటైరైన సునీల్ ఛెత్రీని వెనక్కి పిలిచారు. వయసు 40. ఛెత్రీకి సలాం. కానీ 140 కోట్ల మంది దేశానికి గోల్ కొట్టడానికి నలభై ఏళ్ల మనిషిని బతిమాలుకోవాల్సి వచ్చిందంటే ఆ షరమ్ ఒక్క కోచ్‌ది ఎట్లా అవుతుంది?

ఆ క్లబ్బైనా మనకు మిగిలిందా? లేదు. కప్పు గెలిచిన రెండేళ్లకే జీతాలు అందక ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. 2023-24లో జట్టు అట్టడుగున నిలిచింది. 2025లో క్లబ్ ఢిల్లీకి తరలిపోయింది, పేరు కూడా మారింది. మా చిన్నోడి పసుపు జెర్సీ అల్మారాలో ఉంది. దాన్ని వేసుకుని ఏ మైదాన్‌కు వెళ్లాలో వాడికి తెలియదు. లీగ్ సంగతి చూస్తే 2025-26 సీజన్ 2025 డిసెంబర్‌కు కూడా మొదలు కాలేదు. నవంబర్‌లో లీగ్ హక్కులకు టెండరు పిలిస్తే ఒక్కరూ బిడ్ వేయలేదు. ఆడే లీగే లేకపోతే ఖాలిద్ జమీల్ ఎవరిని చూసి, ఎవరిని ఎంచుకోవాలి?

ఖాలిద్ జమీల్ పేరు వచ్చింది కాబట్టి సాఫ్‌గా చెబుతాను. ఆగస్టులో ఆయన పేరు ప్రకటించినప్పుడు మన ఇళ్లలో ఖుషీ కనిపించింది. పదమూడేళ్ల తర్వాత దేశం జట్టుకు ఇండియన్ కోచ్, అందులోనూ మన పేరున్న మనిషి. అక్టోబర్‌లో ఓడగానే అవే ఇళ్లలో "బేకార్" అన్న మాట విన్నాను. ఆ పేరు చూసి బయట కొందరు విసిరిన మాటలు ఇంకో రకం, అవి ఇక్కడ రాయను. ఈ రెండింట్లోనూ ఇన్సాఫ్ లేదు. ఆ మనిషి 2017లో ఐజ్వాల్ లాంటి చిన్న క్లబ్‌ను ఐ-లీగ్ ఛాంపియన్ చేశాడు, దాన్ని చూసి మెచ్చుకోండి. సింగపూర్ మ్యాచ్‌లో ముందు గోల్ కొట్టి కూడా జట్టును ఎందుకు నిలబెట్టలేకపోయాడో నిలదీయండి. ఆయన మొదటి క్యాంపుకే క్లబ్ తన ఆటగాళ్లను పంపనంటే ఫెడరేషన్ ఏం చేసిందో కూడా అదే నోటితో అడగండి. పేరును బట్టి మెచ్చుకోవడం, పేరును బట్టి తిట్టడం రెండూ ఒక్క తక్కెడలోవే.

*

ఇక నా హిసాబ్ కూడా చెప్పుకోవాలి.

ఇరవై ఏళ్ల కింద నేను ఒక తెలుగు పత్రికలో డెస్క్ మీద సబ్ ఎడిటర్‌ని. నగరంలో ఫుట్‌బాల్ లీగ్ మ్యాచ్‌ల స్కోర్లు రోజూ వచ్చేవి. ఒక పెద్దాయన చేత్తో రాసిన కాగితం తెచ్చి ఇచ్చేవాడు. స్పోర్ట్స్ పేజీలో జాగా తక్కువైతే నేను మొదట కోసేది ఆ వార్తనే. క్రికెటర్ మోకాలి నొప్పికి మూడు కాలమ్‌లు, ఫతే మైదాన్‌లో గోల్ కొట్టిన పిల్లోడికి రెండు లైన్లు, అవి కూడా వీలైతే. ఆ పెద్దాయన కొన్నాళ్లకు రావడం మానేశాడు. నేను గమనించను కూడా లేదు. ఆ రెండు లైన్లలో తన పేరు చూసుకుని వాళ్ల అమ్మీకి చూపించాలనుకున్న పిల్లలు ఎంతమందో! నేనూ జిమ్మేదారునే.

నేను చదివిన ఉర్దూ మీడియం సర్కారీ బడికి మైదాన్ ఉండేది, డ్రిల్ మాస్టర్ ఉండేవాడు. సాయంత్రం బంతి బయటికి తీసేవాడు, బూట్లు ఉన్నా లేకున్నా అందరం ఆడేవాళ్లం. ఇప్పుడు ఆ మైదాన్‌లో సగం గదులు లేచాయి. నా కొడుకు చదివే ఇంగ్లిష్ మీడియం స్కూలు నాలుగంతస్తుల బిల్డింగ్. గ్రౌండ్ లేదు. ఫీజు కట్టేటప్పుడు నేను కంప్యూటర్ ల్యాబ్ గురించి అడిగాను, గ్రౌండ్ గురించి అడగలేదు. వాడు సాయంత్రం ఆడుకుంటానంటే ట్యూషన్ టైం అయిందని పంపింది కూడా నేనే. మన ఇళ్లన్నీ దాదాపు ఇంతే కదా? మన పిల్లోడు ఆడకూడదు, ఇండియా మాత్రం గెలవాలి.

డిసెంబర్ 13న మెస్సీ మన నగరానికి వచ్చాడు. ఉప్పల్ స్టేడియం వెలిగిపోయింది. ముఖ్యమంత్రి కూడా జెర్సీ వేసుకుని బంతి తన్నారు. అదే రోజు కోల్‌కతాలో మెస్సీ సరిగ్గా కనబడలేదని జనం కుర్చీలు విరగ్గొట్టారు. ఫుట్‌బాల్ అంటే మొహబ్బత్ లేని దేశమని ఇంక ఎవరూ అనలేరు. కానీ ఆ మొహబ్బత్ పక్క మైదాన్ దాకా రావడం లేదు. మా చిన్నోడికి మెస్సీ కొట్టిన గోల్స్ లెక్క నోటికొచ్చు. 1977లో కోల్‌కతాలో పీలే ఆడిన న్యూయార్క్ కాస్మోస్ మీద మోహన్ బగాన్ తరఫున గోల్ కొట్టిన మహమ్మద్ హబీబ్ మన హైదరాబాద్ వాడని, ఇక్కడే 2023 ఆగస్టు 15న కన్నుమూశాడని వాడికి తెలియదు. వాడికి చెప్పాల్సింది ఎవరు?

*

అయితే అభిమాని నోరు మూసుకోవాలా? ఎందుకు మూసుకోవాలి? టికెట్ కొన్నవాడికి, రాత్రి మేలుకున్నవాడికి షికాయత్ చేసే హక్కు ఉంది. నేననేది ఒక్కటే. షికాయత్ సరైన పతాకు చేరాలి.

కోచ్‌ను అడగండి: గోల్ కొట్టాక ఎందుకు వెనక్కి తగ్గారు, ఫలానా ఆటగాడిని ఎందుకు దింపలేదు అని. ఇది ఆట గురించిన మాట, ఆయన జవాబు చెప్పాలి. ఫెడరేషన్‌ను అడగండి: కోచ్‌ను ఏ కొలబద్దతో ఎంచుకున్నారు, ఎన్నేళ్లిస్తారు, ఆ ఏళ్లలో ఏం సాధించాలని రాసుకున్నారు అని. సర్కారును అడగండి: మన బడుల మైదాన్‌లు ఎన్ని మిగిలాయి, పీఈటీ పోస్టులు ఎన్ని ఖాళీగా ఉన్నాయి అని. స్కూలు యాజమాన్యాన్ని అడగండి: ఫీజులో స్పోర్ట్స్ అని రాశారు, ఆ గ్రౌండ్ ఏదీ అని. ఈ నాలుగు సవాళ్లలో మనం ఇన్నాళ్లూ అడుగుతున్నది మొదటిది కూడా కాదు. "నికాలో" అంటున్నాం, అంతే. నికాలో అనడానికి మెహనత్ అక్కర్లేదు. అధికారులకు కూడా అది ఇష్టమే. మనిషిని మార్చి, రెండు నెలలు మన నోరు మూయించి, మళ్లీ అదే దారిన పోవచ్చు.

మార్చాల్సిన రోజు వస్తే మార్చనీయండి. ఏ కోచూ మసీదు మినారు కాదు, కదిలించకూడదనడానికి. కానీ మార్చేముందు పోయినవాడికి ఏం ఇవ్వలేదో, వచ్చేవాడికి ఏం ఇస్తారో చెప్పించండి.

ఆ రాత్రి తర్వాత మా ఇంట్లో ఒక ఖరార్ కుదిరింది. మ్యాచ్ ఓడితే వాడు ఎంతైనా అరవొచ్చు, కానీ ఎవరి అమ్మనూ మధ్యలోకి లాగకూడదు. నా వంతుగా, ఆదివారం పొద్దున ట్యూషన్ బంద్. పోయిన ఇత్వార్ మేమిద్దరం దగ్గర్లోని మైదాన్‌కు వెళ్లాం. పన్నెండేళ్ల లోపు పిల్లలు ఆడుతున్నారు. ఒక వైపు గోల్‌కు వల లేదు. చూసేవాళ్లు మాతో కలిపి తొమ్మిదిమంది. నడివయసు మనిషి ఒకాయన విజిల్ మెడలో వేసుకుని "బాయా పావ్! బాయా పావ్!" అని గొంతు పోయేలా అరుస్తున్నాడు. ఆయనకు జీతం ఎవరిస్తారని అడిగితే నవ్వాడు.

మీ మొహల్లాలో కూడా అలాంటి ఉస్తాద్ ఒకరుంటారు. వచ్చే ఇత్వార్ ఒక అరగంట వెళ్లి నిలబడండి. పిల్లల్ని వెంట తీసుకెళ్లండి. వల కొనడానికి ఎంతవుతుందో అడగండి. మేం అడిగాం, చందా వేసుకుంటున్నాం.